ఉస్తాద్ కొలిమికివ్వని వెండి

కిందటి బుధవారం తెల్లవారుజామున మా ఉస్తాద్ ఆసుపత్రిలో పోయారు. ఇక్కడ గల్ఫ్‌లో, దేరా సూక్ బజారులో మా నగల దుకాణం షట్టరు ఎత్తుతుంటే, కొలిమి దగ్గర పనిచేసే జగిత్యాల అతను వచ్చి చెప్పాడు.

ఉస్తాద్‌ది నెల్లూరు. పాత వెండి ఎక్కడిదో, ఎంత మేలిమిదో చెప్పడం ఆయన పని. రోజు లెక్కలు రాయడం నాది. బీరూట్‌లో యుద్ధం మొదలయ్యాక అక్కడి నుంచి వచ్చేసిన కుటుంబాలు ఇంట్లో వెండి తెచ్చి మాకు అమ్ముకునేవి. అంతా తూకం వేసి కరిగించడమే. ఆయన మాత్రం ప్రతి చెంచానూ వెనక్కి తిప్పి, నోటి ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడిచి, భూతద్దం పెట్టేవారు. ఆస్ట్రియా పనితనమైతే తన జీతంలోంచి కొనుక్కుని తన రేకు పెట్టెలో దాచేవారు.

"ఇట్రా అబ్బయా," అని ఒకసారి నన్ను పిలిచారు. కందిగింజంత ముద్ర. నెలవంక పెట్టుకున్న ఆడమనిషి తల, పక్కన ఒక అంకె, చిన్న అక్షరం.

"అంకె మేలిమి చెప్తది. అక్షరం ఊరు చెప్తది. ఇది వియన్నా. కొట్టిన ముద్రకి అంచు తెగినట్టుంటది. పోతపోసిన దొంగ ముద్రయితే వాడిన సబ్బుబిళ్ళ మాదిరి ఉంటది."

బడికి పెద్దగా వెళ్ళని నాకు అంత ఓపికగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

కొలిమి అతను ఊరుకునేవాడు కాదు. "ఏంది ఉస్తాద్, ఆమె మొకం సూడకుంటే నీకు చాయ్ దిగదా?"

"మీ వదినకి మాత్రం చెప్పబాకురా!"

ఇవన్నీ ఎందుకు దాస్తున్నారని అడిగితే ఒకటే మాట: "కరిగిస్తే వెండి మిగులుద్ది. చేసినోడు పోతాడు."

ఆసుపత్రికి వచ్చిన మా యజమాని అర్బాబ్‌ను ఆయన అడిగింది కూడా ఒక్కటే. "నా పెట్టె మా ఇంటికి చేర్చండి." అర్బాబ్ వాళ్ళ పద్ధతిలో తన తలమీద చెయ్యి పెట్టుకుని మాటిచ్చాడు.

ఆ బుధవారం సాయంత్రమే ఖననం. అది కాగానే అర్బాబ్ కొలిమి అతన్ని కారెక్కించుకుని ముందే దుకాణానికి వెళ్ళిపోయాడు. నేను బస్సులో వచ్చేసరికి కొలిమి మండుతోంది. రేకు పెట్టె ఖాళీ.

అర్బాబ్ వాళ్ళ ఇళ్ళలో పోయినవాళ్ళ వెండిని అలాగే ఉంచరు. కరిగించి కొత్తవి చేయిస్తారు. వాళ్ళకు అదే మర్యాద. "చచ్చినవాళ్ళ పాతవి పంపుతామా? ఆయన కూతుళ్ళకు కొత్త కడియాలు పోతాయి," అన్నాడు. తక్కువైన వెండి తనే వేశాడట. కళ్ళు తడిగా ఉన్నాయి. అలాంటి మనిషిని ఏమని తప్పుపట్టను?

"కరిగియ్యొద్దని చెప్పిన అన్నా," అన్నాడు కొలిమి అతను, ముఖం తిప్పుకుని. "ఇనలే. ఖలాస్, ఇంక మాట్లాడకు అన్నడు."

ఒక్కో వస్తువునూ ఉస్తాద్ పాత లుంగీ ముక్కలో చుట్టి ఉంచారు. ఆ గుడ్డలు బల్లమీద వరసగా పడున్నాయి. ఒకదానిలో చెంచా గుంట, ఇంకోదానిలో కాఫీ కూజా ముక్కు, మడతల్లో ఇంకా నిలిచి ఉన్నాయి. ఫ్యాను గాలికి ఒక్కొక్కటే చదునవుతున్నాయి.