నాడె పట్టిన చెయ్యి

ఎనభైల చివర్లో నేను సిద్దిపేటలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఆ ఉద్యోగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆదివారాల గురించి ఉంది.

ఆదివారం పొద్దున్నే నలుగురం ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కూర్చునేవాళ్లం. స్టూడియో ఆయన్ని అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. పెళ్లి ఫోటోలతో, దరఖాస్తులకు అంటించే చిన్న ఫోటోలతో ఆయన ఇల్లు గడిచేది. మాతో కూర్చోవడం మాత్రం సరదాకే. మిగతా ఇద్దరిలో ఒకరు హైస్కూల్లో డ్రాయింగు సారు, ఇంకొకరు పశువుల దవాఖానలో కాంపౌండరు. నా దగ్గర సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి ఉండేది. బ్లాక్ అండ్ వైట్ రోల్ వేసి నెలకు ముప్పై ఆరు బొమ్మలు తీసేవాణ్ణి. అందులో మూడో నాలుగో కడిగించి తెచ్చేవాణ్ణి.

మాకు ఒకటే నియమం. ఫోటో బల్ల మీద పెట్టినవాడు మిగతా ముగ్గురూ మాట్లాడడం అయ్యేదాకా నోరు విప్పకూడదు. వినడానికి చిన్న విషయమే గానీ, అనుభవించిన వాడికి తెలుస్తుంది. కాంపౌండరు మొహమాటం లేని మనిషి. ఒకసారి నేను ఇబ్రహీంపూర్ తోవలో బర్రెను తోలుకుపోతున్న రైతు ఫోటో తీసుకొస్తే, చాలాసేపు చూసి, "బర్రె మంచిగొచ్చింది. మనిషినే పాడు జేసినవ్" అన్నాడు. సారు వెలుగునీడల గురించి చెప్పేవాడు. భాయ్ దగ్గర ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు ఉండేవి. వాటిని ఫోటో మీద అటూ ఇటూ జరిపి, "దేఖో, గింత కోసేస్తే బతుకుతది" అనేవాడు. నా ఫోటోలు చాలావరకు కోసినా బతికేవి కావు.

ఒక చలికాలం, మా వీధికి రెండు సందుల అవతల ఉండే, నేతపని చేసే ఒక కాక ఇంటికి కెమెరా పట్టుకుని వెళ్లాను. ఆయనకు అరవై దాటి ఉంటాయి. గుంట మగ్గం మీద చీర నేస్తున్నాడు. పక్కనున్న చిన్న కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుగు దారాల మీద పడుతోంది. ఆ వెలుగు బాగుంది గానీ ఆయన చేతులు దానిలోకి రావడం లేదు. ఒక చెయ్యి తాడు గుంజుతోంది, ఇంకోటి చట్రాన్ని కొడుతోంది. రెండూ నీడలోనే ఉన్నాయి.

"కాకా, ఒక్క నిమిషం ఆపి, ఆ నాడెను చేతిలో పట్టుకుని ఎండలోకి లేపవా?" అని అడిగాను. నాడె అంటే నూలు కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్య పరిగెత్తే కర్ర, చిన్న పడవలా ఉంటుంది.

ఆయన నావైపు ఒకసారి చూశాడు. "గిట్లనా?" అన్నాడు.

"ఇంకొంచెం పైకి. ఎడమ చెయ్యి పడుగు మీద ఆనించు."

ఆయన ఆనించాడు. నేను నాలుగు బొమ్మలు తీసుకున్నాను.

తరువాతి ఆదివారం వాటిలో ఒకటి బల్ల మీద పెట్టాను. ముడతలు పడ్డ వేళ్లు, వాటి మధ్య మెరుస్తున్న నాడె, కింద సన్నని గీతల్లా దారాలు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. భాయ్ అట్టముక్కలు చేతిలోకి తీసుకుని, ఎక్కడా పెట్టకుండానే పక్కన పెట్టేశాడు. కాంపౌండరు, "నువ్వే తీసినవా?" అని అడిగాడు. అది నాకు దక్కిన మొదటి మెప్పు.

భాయ్ దాన్ని పెద్దగా ప్రింటు చేసి, రోడ్డు వైపున్న అద్దాల బీరువాలో పెళ్లికూతుళ్ల ఫోటోల నడుమ పెట్టాడు. హైదరాబాదులో ఏదో ఫోటో పోటీ ఉందంటే సారు ఇంకో ప్రతిని అక్కడికి పంపించాడు. ఆ వారమంతా నేను ఆఫీసు నుంచి వస్తూ స్టూడియోకు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. మగ్గాల పని చేసే మనుషులు ఇద్దరు ముగ్గురు అద్దం ముందు ఆగడం, ఒకరికొకరు చూపించుకోవడం, నవ్వుకోవడం కనిపించింది. తెలిసిన మనిషి ఫోటో చూసి సంబరపడుతున్నారని అనుకున్నాను.

మరుసటి ఆదివారం మేం కూర్చున్న కాసేపటికి నేత కాక వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు. భాయ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారూ, గా అద్దంల ఫోటో తీసేస్తరా?" అన్నాడు నాతో.

"ఎందుకు కాకా? బాగా రాలేదా?"

"చెయ్యి మంచిగనే వచ్చింది. గని నాడె చేత వట్టుకొని ఎవడు నేస్తడు? తాడు గుంజితే గది దానంతట అది ఉరుకుతది. పడుగు మీద అరచెయ్యి వెడితే చెమట మరక వడతది. మా పోరగాండ్లను సుత పెట్టనియ్యం." ఆయన గొంతులో కోపం లేదు. "నలుగురు నవ్వుతున్నరు. ముసలోడు నేసుడు మర్సిపోయిండా అంటున్నరు."

డ్రాయింగు సారు సర్దిచెప్పబోయాడు. "అది బొమ్మ కోసం కాకా. అందంగా రావాలని..."

"అందం మీరు సూస్కోండ్రి సారూ. పేరు నాది పోతున్నది."

భాయ్ నావైపు తిరిగాడు. "నువ్వు పట్టుకొమ్మన్నవా?"

"అవును" అన్నాను. ఆ గదిలో నా ఫోటో గురించి అంత చిన్న జవాబు నేనెప్పుడూ చెప్పలేదు.

భాయ్ ముందు గదిలోకి వెళ్లి, బీరువా తాళం తీసి, ఫోటో బయటికి తీసి బోర్లా పెట్టాడు. కాక తల ఊపి చెప్పులు వేసుకున్నాడు. పోతూ పోతూ, "తీస్తె నేసేటప్పుడు తియ్యి" అన్నాడు.

నేను వెళ్లాను, వెంటనే కాదు. సిగ్గు తగ్గడానికి రెండు వారాలు పట్టింది. మొదటి రోజు కెమెరా సంచిలోంచి తియ్యలేదు. మగ్గం పక్కన కూర్చుని చూశాను. తాడు ఎప్పుడు గుంజుతాడో, చట్రం ఎప్పుడు కొడతాడో, దారం తెగితే మాట మధ్యలోనే ఎలా ఆగిపోతాడో చూశాను. మూడోసారి వెళ్లినప్పుడు ఒక రోల్ పూర్తి చేశాను. అందులో ఉన్నంతలో మేలైన ఫోటోలో కూడా వెలుగు చాలక తాడు గుంజే చెయ్యి పొగలా చెదిరింది. ముఖం సగం చీకట్లో ఉంది. వెనక గోడకు క్యాలెండరు ఒకటి వేలాడుతోంది.

ఆదివారం ఆ ఫోటోకు బాగానే వడ్డించారు. చెయ్యి కదిలిందన్నాడు కాంపౌండరు. చూపు ఎక్కడ ఆగాలో తెలియడం లేదన్నాడు సారు. భాయ్ అట్టముక్కలు ఎన్ని రకాలుగా జరిపినా తాడు కోసుకుపోతోంది, లేదంటే ముఖం పోతోంది. "నహీ మియా, మొదటిదే బొమ్మ. గిది ఉత్త సాక్ష్యం" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నాకు కూడా మొదటిదే ఎక్కువ నచ్చేది, ఇప్పటికీ నచ్చుతుంది.

కాకకు రెండో ఫోటో తీసుకెళ్లి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ముఖం గురించి అడగలేదు. చెదిరిన చెయ్యి మీద వేలు పెట్టి, "గిది నేస్తున్నది" అన్నాడు. ఇంట్లోకి పిలిచి వాళ్లావిడకు చూపించాడు. ఆమె మాత్రం, "గంత నల్లగున్నడా ఈయన?" అంది.

రెండు నెలల తర్వాత హైదరాబాదు నుంచి కవరు వచ్చింది. మొదటి ఫోటోకు ప్రశంసాపత్రం. శ్రమజీవి సహజమైన కదలికను పట్టుకున్నందుకు అని అందులో రాసి ఉంది. సారు బిగ్గరగా చదువుతుంటే కాంపౌండరుకు నవ్వు ఆగలేదు. పోటీ వాళ్లకు ఉత్తరం రాసి అసలు సంగతి చెప్పాలని ఒకసారి అనుకున్నాను. రాయలేదు. ప్రశంసాపత్రాన్ని తిరిగి పంపనూ లేదు.

ఆ తర్వాత ఎవరు ఫోటో తెచ్చినా, "ఇందులో ఆయన నిజంగా ఏం చేస్తున్నాడు?" అని అడగడం నాకు అలవాటైంది. డ్రాయింగు సారుకు అది చిరాకు తెప్పించేది. గజ్వేల్ సంతలో ఆయన తీసిన కూరగాయలామె బొమ్మ మీద మా ఇద్దరికీ గట్టిగానే మాటపట్టింపు వచ్చింది. ఆయన ఒక నెల రాలేదు, తరువాత ఏమీ జరగనట్టే వచ్చాడు. కాంపౌండరుకు దౌల్తాబాద్ బదిలీ అయింది. రంగుల ఫోటోల కాలం వచ్చాక భాయ్ చీకటి గదిని సామాన్ల గదిగా మార్చేశాడు. మేం మానేద్దామని ఎప్పుడూ అనుకోలేదు. ఒక ఆదివారం నేనూ భాయే మిగిలాం. ఆ రోజు ఇద్దరిలో ఎవరం ఫోటో తేలేదు. చాయ్ తాగి లేచాం.