మా అమ్మ మర దగ్గర వరస

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో తెల్లవారేసరికి మా పిండి మర ముందు డబ్బాలు, గంపలు వరసగా ఉండేవి. ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లాడుతుంటే, వాళ్ల బదులు డబ్బాలు నిలబడేవి. ఎవరి డబ్బా ముందుంటే వాళ్ల జొన్నలు ముందు.

మాది వేముల పక్కన గొర్రెలు మేపుకునే ఇల్లు. కరెంటు వచ్చింది, ఇక టౌను పెరుగుతుందని నాన్న మందంతా అమ్మి, ప్రొద్దుటూరొచ్చి మోటారు మర పెట్టాడు. "గొర్రెలోళ్లకు మిషన్లేందప్పా!" అని నవ్వని వాళ్లు లేరు.

పెట్టింది నాన్నే గానీ నడిపింది అమ్మ. స్విచ్చి వేయడం, పట్టా జారితే ఎక్కించడం, రాళ్లకు గాట్లు పెట్టించడం... అన్నీ ఆమే. సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడేవి.

ఇప్పటి పిల్లలకు తెలియని సంగతొకటి... ఎంత దులిపినా, ముందు ఆడించినవాళ్ల పిండి పిడికెడు రాళ్ల మధ్య మిగులుతుంది. అది వెనక వాళ్ల పిండిలో కలుస్తుంది. జొన్నల్లో జొన్నలు కలిస్తే ఏం నష్టం? అయినా తమ ముందు ఎవరున్నారో చూసుకునేవాళ్లు చాలామందే.

ఒకరోజు ఊరవతల పేట నుంచి నాగమ్మ అందరికంటే ముందొచ్చి గంప పెట్టింది. దాని వెనకే పెద్ద వీధి బట్టల కొట్టు వాళ్ల పెద్దావిడ డబ్బా.

"ఆ గంప వెనక్కి పెట్టు. దానిది ఆడించినాక మాదెట్లా ఆడిస్తావు?" అంది పెద్దావిడ.

నాగమ్మ గంప తీయబోయింది. అమ్మ గంప మీద చెయ్యి వేసింది.

"యాడికి తీస్తాండావక్కా? ఆడ్నే ఉండనీ." తర్వాత పెద్దావిడ వైపు తిరిగింది. "మీది ముందుండల్లంటే మీరు ముందు రావల్లమ్మా. మరకు ఇంటిపేర్లు తెల్దు."

మర్నాటి నుంచి పెద్ద వీధి వాళ్లు రాలేదు. వాళ్లను చూసి పక్క వీధులూ మానేశాయి. పేట వాళ్లు తప్ప ఎవరూ లేరు. మోటారు సగం పూట ఊరికే ఉండేది.

నాన్న బెంబేలెత్తిపోయాడు. "మంద పాయ. ఇప్పుడు మరా పోతాది. ఆయమ్మ కాడికి పోయి ఒక మంచి మాట చెప్పిరా."

"ఏం తప్పు చేసినానని చెప్పల్ల? మూసేద్దామంటే మూసేద్దాం. వరస మాత్రం మార్చను" అంది అమ్మ.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు అమ్మ మీదే కోపం వచ్చింది. బడిలో పెద్ద వీధి పిల్లలు నా పక్కన కూర్చోవడం మానేశారు మరి...

ఇరవై రోజులు గడిచాయి. ఆ ఇళ్లలో మూలపడ్డ ఇసుర్రాళ్లు మళ్లీ తిరిగాయి. విసిరేది అత్తలు కాదు కదా, కోడళ్లు! మరకు అలవాటుపడ్డ చేతులు బొబ్బలెక్కాయి.

ఒక పొద్దున ఆ పెద్దావిడ కోడలు తనే డబ్బా మోసుకొచ్చింది. వరసలో ఆఖరున నాగమ్మ గంప ఉంది. దాని వెనకే డబ్బా పెట్టి, వెళ్లి నాగమ్మ పక్కనే అరుగు మీద కూర్చుంది.

"మీ అత్త ఏమంటాదో?" అడిగింది అమ్మ.

కోడలు అరచేతులు చూపించింది. "ఆయమ్మనే ఇసురుకోమని చెప్పొచ్చినా."

నాగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నాకింకా గుర్తే. వారం తిరక్కుండా వరస మళ్లీ వీధి మలుపు దాకా సాగింది. ఎవరూ తమ డబ్బా ముందు పెట్టమని అడగలేదు.

ఇప్పుడు ఫోను నొక్కితే ప్యాకెట్ పిండి గుమ్మంలోకి వస్తుంది... అందులో ఎవరెవరి జొన్నలు కలిశాయో అడిగేవాళ్లు లేరు. కానీ మొన్న హైదరాబాదులో మా మనవరాలి కోసం అద్దె ఇల్లు చూడబోతే, కంప్యూటర్ కంపెనీ నడిపే ఇంటాయన ముందు అడిగిన మాట... "మీరేమిట్లు?"

"పిండి మర వాళ్లం" అన్నాను. ఇల్లు ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోనీ! రేపు ఇంకొకాయన అడిగినా అదే చెబుతాను.

మీరూ చెప్పండి... మీ ఊరి మర దగ్గర ఎవరి డబ్బా ముందుండేది? నిజమే చెప్పాలి సుమా.