గంగులప్ప లోడు పరీక్ష

పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ గంగులప్పకు ఒక్కటే పిచ్చి. ఏ బండి వచ్చినా మనుషుల్ని ఎక్కించి తిప్పి చూడనిదే పానా పట్టడు. ఖాళీ బండి అబద్ధం చెబుతుందట, బరువు పడితేనే నిజం కక్కుతుందట. మోపెడ్ మీద ముగ్గుర్ని, ఆటోలో తొమ్మిది మందిని కూర్చోబెట్టి పరీక్షించిన ఘనుడు. పిల్లల సైకిలు ఇచ్చినా వెనకాల ఒకర్ని ఎక్కిస్తాడని ఊళ్లో నవ్వుకునేవారు.

ఒక సోమవారం పొద్దున విత్తనాల అంగడి ముద్దుకృష్ణ తన కారు తోలుకొచ్చాడు. వాళ్ల నాయన కొన్న కార్బురేటరు కాలం నాటి బండి. స్టార్టవుతుంది, పొగ కూడా రాదు. కానీ ఎంత తొక్కినా వేగం ఎక్కదు. మొన్న గంగవరం దగ్గర మిట్ట ఎక్కుతుంటే గొర్రెల మంద దాన్ని దాటుకుని పోయింది. ఆ అవమానం పక్కసీట్లో నుంచి చూసిన భార్య మునీశ్వరి, కుప్పం నుంచి పాత ఇనుము వ్యాపారిని సాయంత్రానికి రమ్మని ఫోను చేసేసింది. ఆలోగా బాగుపడకపోతే నాయన బండి తూకానికి పోతుంది. ముద్దుకృష్ణ బోయకొండ గంగమ్మకు మొక్కుకుని మరీ వచ్చాడు.

గంగులప్ప బానెట్ తెరవలేదు. పెడల్ రెండుసార్లు తొక్కించి, చెవి ఒగ్గి విని, ముందు సీట్లో కూర్చున్నాడు.

"లోడు ఏసి సూడాలప్పా."

ఎదురుగా బస్టాపులో నల్ల కళ్లద్దాల సుభద్రమ్మ, కాలికి కట్టుతో రైతు దాసప్ప ఉన్నారు. ఇద్దర్నీ ఎక్కించాడు.

"ఆయమ్మ ముప్పై అయిదు కేజీలు కూడా ఉండదు కదన్నా. ఏం లోడు అది?"

"సన్న లోడుకే సన్న జబ్బు తెలిసేది. నువ్వు తోలు."

కారు మూలుగుతూ మదనపల్లె చేరింది. అక్కడ ఆస్పత్రి గేటు ముందు బ్రేకు ఎలా పడుతుందో చూద్దామన్నాడు గంగులప్ప. తాను బ్రేకు గురించి అడగలేదని ముద్దుకృష్ణ మొత్తుకున్నా వినలేదు. లోడు దిగి లోపలికి పోయింది. ఇంజను చల్లారాలంటూ రెండు గంటలు కూర్చోబెట్టాడు. లోడు తిరిగొచ్చాక, పోయేటప్పటి జబ్బు వేరు, వచ్చేటప్పటి జబ్బు వేరని మళ్లీ ఎక్కించాడు. ముద్దుకృష్ణకు కళ్లముందు ఇనుము వ్యాపారి తక్కెడే ఊగుతోంది.

షెడ్డు చేరాక గంగులప్ప బానెట్ ఎత్తి, ముద్దుకృష్ణను పెడల్ అదిమిపట్టమన్నాడు. పెడల్ నేలకు తగిలినా కార్బురేటరులో రేకు సగమే తెరుచుకుంటోంది. యాక్సిలరేటర్ కేబుల్ సాగిపోయింది. పానాతో నట్టు బిగించాడు. అయిదు నిమిషాల పని. మళ్లీ తొక్కితే ఇంజను గర్జించింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసెన్నా?"

"పొద్దున పెడల్ సప్పుడు యిన్నప్పుడే."

"మరి నన్ను యాల తిప్పితివి?"

గంగులప్ప తలెత్తకుండా చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. "రోడ్డు పనులని పొద్దుటి బస్సు ఆపేసినారు కదప్పా. ఆయమ్మ కంటి ఆపరేషను చేయించుకుని ఉండాది. పోయిన సోమారం చెకప్పుకు పోలేకపోయె."

ముద్దుకృష్ణకు తిట్టాలన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. సాయంత్రం కారు ఇంటి ముందున్న మిట్టను ఒక్క ఊపులో ఎక్కేసరికి, మునీశ్వరి ఇనుము వ్యాపారికి కాఫీ ఇచ్చి పంపించేసింది.

మరుసటి సోమవారం పొద్దున్నే కారు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. పికప్పు తగ్గిందన్నాడు ముద్దుకృష్ణ.

గంగులప్ప ముఖం ఎర్రబడింది. "నేను బిగించిన నట్టు వదులైందా? ముప్పై ఏండ్లలో ఒక్కడు ఆ మాట అనలేదప్పా." పానా తీసుకుని విసురుగా వచ్చినవాడు కారు కిటికీ దగ్గర ఆగిపోయాడు. వెనక సీట్లో సుభద్రమ్మ, దాసప్ప అప్పటికే సర్దుకుని కూర్చుని ఉన్నారు.

గంగులప్ప పానా జేబులో పెట్టుకుని, ముందు తలుపు తీశాడు.

"జబ్బు పెద్దదేనప్పా. ఇంకా నాలుగు సోమారాలు సూడాల."