గోడలో కిటికీ ఉన్న పెళ్ళి

మొన్న మొయినాబాద్‌లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఫంక్షన్ హాల్లో ప్రొజెక్టర్ వేడెక్కి కాలిన దుమ్ము వాసన వచ్చింది. ఒక్కసారిగా విమల మేడం గది గుర్తుకొచ్చింది.

ఆమె కాలేజీలో మాకు ఇంగ్లిష్ చెప్పారు. రిటైరయ్యాక, ఆదివారం మధ్యాహ్నాలు తన గది కిటికీలకు దుప్పట్లు కట్టి, పాత ప్రొజెక్టర్‌తో గోడ మీద విదేశీ సినిమాలు వేసేవారు. ఎవరైనా వచ్చి చూడొచ్చు. అప్పటికి నా పెళ్ళయి ఆరు నెలలు. చేవెళ్లలో మా నాన్న పొలంలో ప్లాస్టిక్ కప్పు కింద నేను వేసిన గులాబీల షెడ్డు అప్పుడే పూతకు వచ్చింది. తెల్లవారకముందే కోత మొదలుపెట్టాలి. మా ఆయన నరేందర్‌ది మొయినాబాద్‌లో హార్డ్‌వేర్ షాపు. షెడ్డు వదిలేసి అక్కడే ఉండమని అత్తింటి పెద్దలు, వదలనని నేను. మేమిద్దరం మాట్లాడుకోవడం దాదాపు మానేశాం. మేడంతో చెప్పుకొని ఏడిస్తే, “సలహాలు చెప్పుడు నాతోని కాదు. ఆదివారం ఇద్దరు రాండ్రి, సినిమా ఉన్నది” అన్నారు.

యూరప్‌లో ఏ దేశానిదో ఆ సినిమా. పెళ్ళైన మర్నాడే పెళ్ళికూతురు ఇంటి మధ్య గోడ కట్టిస్తుంది. గోడలో ఒక కిటికీ. దానికి అటొకరు, ఇటొకరు కూర్చుని భోంచేస్తారు. గడ్డమున్న మేక ఒకటి కిటికీలో కూర్చుని ఇద్దరి మాటలకూ తలాడిస్తుంది.

“మేక మా పెదబాపు లెక్కనే ఉన్నది” అన్నాడు నరేందర్. నెల రోజుల్లో నేను నవ్వడం అదే మొదటిసారి. కాసేపటికి అతనే, “గిది గూడ పెండ్లేనా మేడం?” అని అడిగాడు.

“నాకేం తెలుస్తది? నీకెట్ల అనిపిస్తున్నది?”

అతను ఆలోచించాడు. “లొల్లి అయితే లేదు. ఇద్దరు మంచిగనే తింటున్నరు.”

“గోడ ఎందుకు కట్టిందో ఆమెను ఎవ్వరు అడుగుతలేరు” అన్నాను నేను. మేడం నా వైపు కాదు, అతని వైపు చూశారు.

తిరిగొస్తూ బండి మీద నరేందర్ అడిగాడు: “అంత పొద్దుగాల షెడ్డుల ఏం చేస్తవ్?” ఆరు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న. మర్నాడు తీసుకెళ్ళి చూపించాను. ముళ్ళు గుచ్చుకుంటున్నా మొగ్గలు కోశాడు.

వారంలో నాలుగు రోజులు నేను చేవెళ్లలో, మూడు రోజులు మొయినాబాద్‌లో ఉండాలని అనుకున్నాం. అత్తమ్మ ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది తేలిగ్గా గడవలేదు. మేడం మాత్రం, ఎప్పుడు కలిసినా, మేము చేసింది మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. “తర్వాతేమైంది?” అని మాత్రం అడిగేవారు, సినిమా మధ్యలో లేచి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళలాగా.

మూడేళ్ళ కిందట ఆమె పోయారు.

నిన్న మా అమ్మాయి బడి ఫారం నింపుతూ, “అమ్మా, మనది ఏ ఊరు?” అని అడిగింది. జవాబు నోటిదాకా వచ్చింది. ఆగి, “నీకెట్ల అనిపిస్తున్నది?” అన్నాను.

“గడి ఒక్కటే ఉన్నది” అంటూ పెన్ను కొరుక్కుంది. తర్వాత వంగి, చిన్న చిన్న అక్షరాలతో రెండు ఊళ్ళ పేర్లూ అందులోనే పట్టించింది.