జ్వరం డాక్టరు

అద్దం కింద ఇనపబంతిని కొడుతూ ఆడే పిన్‌బాల్ మిషన్లు బాగుచేసే ఆ మెకానిక్‌ని వీధిలో అందరూ జ్వరం డాక్టరనే పిలిచేవారు. ఏ మిషన్ దగ్గరికి పిలిచినా ముందు స్క్రూడ్రైవర్ తీయడు. పసివాడి నుదురు చూసినట్టు అరచేతి వెనకవైపు దాని అద్దానికి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంటాడు. ముప్పై ఏళ్ళ అలవాటు.

అంతటివాడికీ చెల్లెలి ఆటల దుకాణంలోని మిషన్ కొరుకుడు పడలేదు. బావ ముచ్చటపడి కొన్నది. ఆయన పోయిన దగ్గర్నుంచీ, గంటసేపు ఆడేసరికి దీపాలన్నీ టప్పున ఆరి ఆట మొదటికొచ్చేది. లోపల వైర్లు కలిసేచోట ప్లాస్టిక్ మాడిపోయేది. రెండుసార్లు కొత్తది వేశాడు, రెండుసార్లూ మాడింది. ఆడేవాళ్ళు మొహం చాటేశారు.

"సాయంత్రం పాతసామాన్లతన్ని రమ్మన్నానన్నయ్యా" అంది చెల్లెలు, మిషన్ వైపు చూడకుండా.

"నా చేతిలో పస అయిపోయిందనేగా!"

"నీ చేతిలో కాదు, నా ఓపికలో."

అలవాటుగా చెయ్యి ఆనించాడు. చురుక్కుమంది. దీపాలున్నాక వేడి పుట్టడం సరే, బయటికెందుకు పోవట్లేదు? ఇన్నాళ్ళూ ముందువైపు అద్దం తీసి చూశాడే గాని, అంత బరువుని గోడ దగ్గర్నుంచి ఎప్పుడూ జరపలేదు.

ఇద్దరూ పట్టి లాగారు. వెనక, పైన గాలి ఆడాల్సిన కన్నాలన్నిటికీ గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి.

ఒకటి లాగి చూసి చెల్లెలు అక్కడే కూలబడింది. "ఆయన గళ్ళచొక్కా! కిందటేడు పోయేముందు, వీధి తవ్వుతుంటే, మిషన్లో దుమ్ము పడుతుందని ఒకటే గోల..."

"ప్రేమకొద్దీ దానికి ఊపిరాడకుండా చేశాడన్నమాట, మా బావ."

"నాకు మాత్రం? నడివేసవిలో దుప్పటి కప్పేవాడు!" ఆ నవ్వులోనే ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

పీలికలు తీసి, మాడిన ముక్క మార్చి, వేడెక్కే పాత బల్బుల బదులు ఎల్ఈడీలు పెట్టి, మిషన్‌ని గోడకి జానెడు ఎడంగా నిలబెట్టాడు. వంతులేసుకుని ఆడారు. గంట గడిచింది. రెండు గంటలైంది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

అన్నయ్య అద్దానికి చెయ్యి ఆనించాడు. "గోరువెచ్చన. జ్వరం దిగింది."

ఆమె కూడా తన చెయ్యి పెట్టి చూసింది. చాలాసేపు తీయలేదు.

పాతసామాన్లతను గుమ్మంలో బండి ఆపి, "ఎక్కించమంటారామ్మా?" అన్నాడు.

"ఎక్కించేదేం లేదు గానీ" అంది ఆమె, బంతి మీంచి చూపు తిప్పకుండా, "వచ్చారుగా, ఓ ఆట ఆడి వెళ్ళండి."