బిగించిన ట్యాపెట్లు

మా నాన్న నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, ఇంట్లోనే ఫీలర్ గేజ్ పట్టడం నేర్పాడు. కాగితమంత పలుచని ఉక్కు రేకుల గుత్తి అది. ఇంజన్‌లో వాల్వులను నొక్కే ట్యాపెట్ల దగ్గర ఎంత సందుందో దానితో చూస్తాం. నాందేడ్‌లో మా ఇంటి వెనకే మా ఆయన గ్యారేజీ. ట్యాపెట్ల పని మాత్రం నాదే. వేళ్లు దేవుడిచ్చినవి, విద్య నాన్న ఇచ్చింది. ఇద్దరికీ దండం పెట్టుకున్నాకే ఇంజన్ మీది కవరు విప్పుతాను.

ఒకసారి పక్కింటి పెద్దమ్మ తన కొడుకు వ్యానులో వచ్చింది. "బిడ్డా, టకటక ఒకటే లొల్లి. జర సైలెంట్ చెయ్యి" అంది. మా దగ్గర బండి చప్పుడు చేయకపోతేనే మెకానిక్‌కు పేరు. ఆమె ముచ్చట తీర్చాలని సందు ఉండాల్సినదానికన్నా తగ్గించి బిగించాను. ఇంజన్ కుట్టుమిషను కన్నా మెత్తగా తిరిగింది. పెద్దమ్మ నా బుగ్గలు పుణికింది.

వారం తిరక్కుండానే, ఒక గురువారం పొద్దున, అదే వ్యాను కుదుపులతో వచ్చింది. చల్లగా ఉన్నంతసేపూ బాగుంటుంది, వేడెక్కితే మిస్సింగ్, ఏదో ఒక సిలిండర్ సరిగా మండటం లేదు. మర్నాడే మాహూర్ ప్రయాణం. మోకాళ్ల ఆపరేషన్ అయ్యి నడవగలిగితే రేణుకమ్మ దర్శనానికి వస్తానని పెద్దమ్మ మొక్కు.

మా ఆయన ప్లగ్గు మార్చాడు. ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ తీసి పక్క సిలిండరుకు పెట్టాడు. అయినా మూడో సిలిండరే మిస్. కంప్రెషన్, అంటే లోపలి గాలి ఒత్తిడి, కొలిస్తే అక్కడ సగమే ఉంది. నాలుగు చుక్కల నూనె వేసి మళ్లీ కొలిచాడు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే పెరగాలి, పెరగలేదు.

"వాల్వు కాలినట్టుంది. ఇంజన్ హెడ్ దించాలె. నాలుగు దినాలు."

"తల్లి రేపు పిలిచింది కొడుకా!" పెద్దమ్మ గడపలో కూలబడింది.

నాకు నేను బిగించిన సందు గుర్తొచ్చింది. వేడికి వాల్వు సాగుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు. కవరు విప్పించి వేడి మీదే చూశాను. మూడోదాని దగ్గర అన్నిటికన్నా పలుచని రేకు కూడా దూరలేదు.

"ఇగో, తప్పు నాదే. ఎక్కువ బిగించిన" అన్నాను.

మా ఆయన నన్నూ ఇంజన్‌నూ మార్చి మార్చి చూశాడు. "దాని నోరు మూపియ్యబోయి తెరిచే పెట్టినవ్ గదనే!"

"పొల్లను ఏమనకు. సైలెంట్ జెయ్యమన్నది నేనే" అంది పెద్దమ్మ.

వాల్వు నిజంగానే కాలిపోయి ఉంటే సందు సరిచేసినా లాభం లేదు. అది తేలాలంటే ముందు ఇంజన్ చల్లారాలి. వంట చేస్తూ, 'తప్పు నాది, మొక్కు ఆమెది, చూసుకో తల్లీ' అనుకుంటూనే ఉన్నాను. చల్లారాక నాన్న చెప్పినట్టు, రేకు కాస్త పట్టి వదిలేలా సందు పెట్టాను. మా ఆయన వ్యానును గోదావరి వంతెన దాకా తిప్పి, వేడి మీద మళ్లీ కంప్రెషన్ కొలిచాడు. మూడోది మిగతావాటితో సమంగా నిలిచింది.

"కాలలేదు!" అని అరిచాడు.

పెద్దమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడ రా బిడ్డా. గని నీ పానాలు, రేకులు ఇంట్ల పెట్టి రా. దార్ల మళ్ల ఏమన్న బిగిస్తవ్!"

మర్నాడు మాహూర్ కొండ ఘాటు రోడ్డులో బండి ఎక్కడా తడబడలేదు. అంతా తల్లి దయ. మెట్ల మీద పెద్దమ్మ పదేసి అడుగులకు ఆగి, "ఉండు, ఇంజన్ గరమైంది" అని నవ్వేది. ఆగుతూ, నవ్వుకుంటూ, ఎండ ముదరకముందే ఇద్దరం పైకి చేరాం.