నాలుగో పీపా దగ్గర నీళ్లు

మా లాబ్ భిలాయి ఊరవతల, జలాశయం గట్టు మీద ఉంది. చేపల మీద, నాచు మీద, నీటిపురుగుల మీద చదువుకునే పిల్లలకి ఎండాకాలం ఆరు వారాల శిక్షణ ఇస్తాం. అందులో నెగ్గినవాళ్లకి ఇక్కడే రెండేళ్లు పరిశోధన చేసుకునే అవకాశం కూడా ఉంది. వచ్చినవాళ్లలో సగం మంది మొదటి వారమే ఎండకి సోలిపోయి, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడుగుతారు. వాళ్లందరినీ పడవలో తిప్పేవాడు శ్యామసుందర్. ఆయన తెచ్చే సీసాల్లో నీళ్లు పరీక్షించడం నా పని. నా పేరు గౌరీదేవి.

శ్యామసుందర్ వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో చేరాడు. కొడుక్కి ఆ వేడి పడలేదు, నీళ్లని పట్టుకున్నాడు. చదువు పదో తరగతే. అయినా ఏ నెలలో ఏ నాచు లేస్తుందో పీహెచ్‌డీ వాళ్లకి చెప్పగలడు. అడక్కపోయినా చెబుతాడు.

జలాశయంలో అయిదు చోట్ల పీపాలు తేలుతుంటాయి. ప్రతి సోమవారం ఒక్కోదాని దగ్గర పడవ ఆపి, నలుపు తెలుపు రంగులేసిన ఇనప పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దింపాలి. ఎంత లోతులో అది కనబడడం మానేస్తే అంత తేట ఆ నీళ్లు. తాడు మీది ముడులు చూసి అంకె రాసుకుని, ఒక సీసా నీళ్లు పట్టుకోవాలి.

తొమ్మిదేళ్ల కిందట నాలుగో పీపా దగ్గర ఆ తాడు నీళ్లలో మునిగి ఉన్న ఏదో చెట్టు కొమ్మకి చిక్కుకుంది. శ్యామసుందర్ తమ్ముడు సురేశ్ కూడా పడవలోనే ఉన్నాడు. "దిగి ఇప్పరా" అన్నాడు అన్న. తమ్ముడు దిగాడు. తెల్ల బనీను కిందికి వెళ్తూ వెళ్తూ కనబడకుండా పోయింది. మర్నాడు మనిషి తేలాడు.

నెల తిరక్కుండా శ్యామసుందర్ పనిలోకి వచ్చేశాడు. ఎప్పటిలాగే అయిదు అంకెలు, అయిదు సీసాలు. రెండో సోమవారానికే నాకు తెలిసిపోయింది. మూడో సీసాలో ఎంత ఆక్సిజనుందో నాలుగో దాంట్లోనూ అంతే ఉంది. నాలుగో పీపా దగ్గర లోతెక్కువ, అక్కడి నీళ్లు అలా ఉండవు. ఆయన మూడో పీపా దగ్గరే రెండు సీసాలు నింపేసి, మూడోదానికీ అయిదోదానికీ వచ్చిన అంకెల నడుమ ఏదో ఒకటి నాలుగోదానికి వేస్తున్నాడు. నేను నోరు మూసుకున్నాను. జాలి అనుకున్నాను గానీ, అది భయం. ఆ సీసాలో ఉన్నది మూడో పీపా నీళ్లేనని తెలిసినా, దాని మూత అన్నిటికన్నా ఆఖర్న తీసేదాన్ని. ఒక్కోసారి లేబుల్ అవతలికి తిప్పి పెట్టేదాన్ని.

ఈ ఏడు భిలాయి-3 అనే పేట నుంచి అరుణజ్యోతి అనే పిల్ల శిక్షణకి వచ్చింది. రైల్వే వాళ్లమ్మాయి, మొండిది. రెండేళ్ల పరిశోధనకి ఎంపిక కావాలంటే శుక్రవారంలోగా అంశం రాసి పంపాలి. లోతైన చోట నీళ్లు ఏటేటా ఎలా మారుతున్నాయో చూస్తానంది. అంటే నాలుగో పీపా. తొమ్మిదేళ్ల రిజిస్టర్లూ ముందేసుకుని కూర్చుంది.

"అంకుల్, మొదట్లో ఓ మూడు వారాలు తప్ప ఒక్క సోమవారం కూడా మిస్ కాలేదు. కమాల్ హై, మిమ్మల్ని మెచ్చుకోవాలి" అంది. ఆయన తాగుతున్న టీ అలాగే వదిలేసి బయటికి వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దున్న వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఆ నాలుగోదాని గురించి రాయకు. తొమ్మిదేళ్లయింది, నానక్కడికి ఎల్లనేదు. అవన్నీ దొంగ అంకెలు."

"క్యోఁ అంకుల్, ఎందుకలా?"

"మా తమ్ముడు అక్కడే పోనాడమ్మా. నానే దిగమన్నాను."

"ఆ అంకెల సంగతి నాకు మొదట్నించీ తెలుసు" అన్నాను పక్క బల్ల దగ్గర్నుంచి. ఇద్దరూ నా వైపు తిరిగారు. శ్యామసుందర్ కళ్లలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అరుణజ్యోతి ఆ అంకెలతో గ్రాఫులు గీసుకున్న కాగితాలన్నీ మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "మరి ఇప్పుడక్కడ నీళ్లెలా ఉన్నాయి?" అంది. ఎవరికీ తెలీదు. "అయితే అదే రాసి పంపుతాను. తొమ్మిదేళ్లు ఎవరూ చూడలేదని. చలియే, పదండి, మొదటి అంకె ఈరోజే."

ముగ్గురం వెళ్లాం. మూడో పీపా దాటగానే శ్యామసుందర్ పడవ వేగం తగ్గించాడు. నాలుగో దాని దగ్గర పడవ ఆపి, పళ్లేన్ని నీళ్లలోకి వదిలాడు. తాడు మెల్లగా జారింది. ఒకటింబావు మీటర్ల ముడి దగ్గర పళ్లెం మాయమైంది. ఆయన ఆపలేదు. రెండు. మూడు.

"అంకుల్, ఎంత రాయను?"

"ఉండమ్మా. ఇంకా కనబడతంది."

నేను వంగి చూశాను. ఆకుపచ్చ నీళ్లు తప్ప ఏమీ లేదు. తాడు ఇంకా జారుతోంది. ఈసారి ఊరుకోలేకపోయాను.

"శ్యామసుందర్, పోయింది" అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. "ఎప్పుడు, దీదీ?"

"ఎప్పుడో పోయింది."

ఆయన ఆ నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తాడు పైకి లాగడం మొదలుపెట్టి, "ఒకటింబావు రాసుకోమ్మా" అన్నాడు.